ముట్టడిలో నిలిచిన కాపరి: హిప్పో అగస్టీను

ధ్యాన భాగములు: నిర్గమకాండము 22:2, 3, నెహెమ్యా 4:13–18, అపొస్తలుల కార్యములు 9:23–25



ఏలువాడు లేడు, తీర్పు తీర్చువాడు లేడు, రాత్రివేళ తలుపు తట్టువాడు చుట్టమో దోపిడిగాడో తెలియదు. అట్టి దినమున విశ్వాసి ఏమి చేయవలెను? చేతికఱ్ఱ ఎత్తవచ్చునా? ఇల్లు విడిచి పారిపోవచ్చునా? పొరుగింటి విధవరాలు ఎవరి పూచీ? ఈ ప్రశ్నలను పుస్తకములలో గాక తన ఊరిలోనే ఎదుర్కొనిన యొక కాపరి చరిత్రను ఈ మాసము వ్రాయుచున్నాము. రోమను కతోలిక సంఘము ఆయనను పరిశుద్ధులలో ఎంచును. మార్టిన్ లూథరు 1505లో చేరిన మఠము ఆయన పేరు గల సన్యాసులదే. కాబట్టి ఆయన ఇరుపక్షముల వారికిని చెందినవాడు.

అగస్టీను 354వ సంవత్సరము నవంబరు 13న ఉత్తర ఆఫ్రికాలోని తగస్తె అను చిన్న పట్టణమున పుట్టెను. అది ఇప్పటి అల్జీరియా దేశములో నున్నది. తల్లి మోనికా కన్నీళ్లను గూర్చియు, కుమారుని చెడు నడతను గూర్చియు, మిలాను తోటలో రోమా పత్రిక 13వ అధ్యాయము చదివి అతడు మారుట గూర్చియు మన స్త్రీల కూటములలో పలుమారు వినియున్నాము గనుక త్వరగా దాటుదుము. 387 ఈస్టరు రాత్రి అంబ్రోసు ఆయనకు బాప్తిస్మమిచ్చెను. మరుసటి యేట స్వదేశమునకు తిరిగి వచ్చెను. 391లో హిప్పో అను రేవు పట్టణమునకు వెళ్లగా, అక్కడి సంఘస్థులు ఆయనను పట్టుకొని బిషప్పు ఎదుట నిలువబెట్టి బలవంతముగా పాదిరిని చేసిరి. ఆయన ఏడ్చెను. పాదిరి పనికి తామే సిఫారసులు వెదకుకొను ఈ దినములలో ఇది వింతగా తోచును. కొద్ది యేండ్లకే ఆయన ఆ ఊరి బిషప్పాయెను; చనిపోవువరకు ఆ ఊరు విడువలేదు.

రోమా సామ్రాజ్యము అప్పటికింకను నిలిచియున్నను, దాని పొలిమేరలు సడలుచుండెను. పబ్లికోల అను గొప్ప భూస్వామి ఆయనకు వరుసగా అనేక ప్రశ్నలు వ్రాసి పంపెను. అందులో నొకటి ఇది: దొంగయో శత్రువో చంపవచ్చినప్పుడు క్రైస్తవుడు తన ప్రాణము కాపాడుకొనుటకు వానిని చంపవచ్చునా? మరియొకటి: పొలము చుట్టు గోడ కట్టవచ్చునా?

అగస్టీను జవాబు మొదటి ప్రశ్నకు కఠినము. తన ప్రాణము కొరకు మాత్రమే మరియొకని చంపుట ఆయనకు సమ్మతము కాదు. సైనికుడైనను, ప్రజల రక్షణ భారము వహించిన అధికారియైనను ఇతరుల కొరకు, పట్టణము కొరకు, న్యాయమైన అధికారముతో చేసినయెడల అది వేరు. రెండవ ప్రశ్నకు మాత్రము జవాబు సుళువు. గోడ కట్టుట పాపము కాదు. ఆ గోడ వలన ఎవడైన చచ్చినను కట్టినవాడు నరహంతకుడు కాడు. అట్లనుకొన్నయెడల క్రైస్తవుని ఎద్దుకు కొమ్ములును, గుఱ్ఱమునకు డెక్కలును, కుక్కకు పండ్లును ఉండకూడదనవలసి వచ్చునని ఆయన వాదించెను. గొడ్డు గోదా గల మన రైతులు దీనిని వెంటనే గ్రహింతురు.

మొదటి జవాబును తరువాతి వారందరు అట్లే అంగీకరింపలేదు. 13వ శతాబ్దమున తోమా అక్వినాసు, ప్రాణరక్షణయే ఉద్దేశమై, అవసరమునకు మించిన బలము వాడనియెడల తన్ను తాను కాపాడుకొనుట న్యాయమే అని బోధించెను. కతోలిక సంఘము 1992లో ప్రకటించిన బోధపుస్తకము ఇంకొక అడుగు ముందుకు వేసి, ఇతరుల ప్రాణములకు పూచీ వహించినవానికి రక్షణ హక్కు మాత్రమే గాక బరువైన విధి కూడ కాగలదని చెప్పుచున్నది. మోషే ధర్మశాస్త్రము రాత్రి కన్నము వేయు దొంగను గూర్చి ఒక విధముగను, ప్రొద్దు పొడిచిన తరువాత మరియొక విధముగను చెప్పుట చదువరులు గమనింపవలెను. చీకటిలో వాని ఉద్దేశము తెలియదు. వెలుగులో వాని ముఖము కనబడును, కేక వేసిన పొరుగువారు వత్తురు. అప్పుడు చంపినవాడు రక్తాపరాధియే. మా అభిప్రాయమున అక్వినాసు ఈ ధర్మశాస్త్రమునకు దగ్గరగా నున్నాడు. అయినను అగస్టీను భయము కొట్టివేయదగినది కాదు. ప్రాణమైనను ఆస్తియైనను మన ఇష్టము లేకుండనే పోగలవి. వాటిమీది మోహము చేత మనిషిని చంపువాని మనస్సు ఏమగును అని ఆయన యోచన.

ఇది మేడమీద కూర్చున్నవాని మాట కాదు. దొనాతు పక్షమునకు చెందిన కఱ్ఱల మూకలు దారి కాచి ఆయననే చంపజూచినవి. దారి చూపువాడు పొరబాటున వేరొక త్రోవ పట్టుట చేత ఆయన బ్రదికెను. ఆయన క్రింది పాదిరులలో ఒకనిని ఆ మూకలు చంపెను. మరియొకని కన్ను పెరికి వ్రేలు నరికెను. పట్టుబడిన నేరస్థులు ఒప్పుకొనగా, అగస్టీను మార్సెల్లీను అను అధికారికి జాబు వ్రాసి, కంటికి కన్ను తీయవద్దనియు, ప్రాణము తీయవద్దనియు, వారిని అదుపులో నుంచి ఏదైన ఉపయోగకరమైన పనికి పెట్టుమనియు వేడుకొనెను. అయితే ఒక విషయమున ఆయనను మెచ్చుకొనలేము. దొనాతు వారిని ప్రభుత్వ బలముతో సంఘములోనికి తెచ్చుటకు ఆయన సమ్మతించెను. తరువాతి శతాబ్దముల హింసకులు ఆ మాటలనే ఆధారము చేసికొనిరి.

410 ఆగస్టు 24న అలారికు నడిపిన గోతులు రోమా నగరములో చొరబడి మూడు దినములు దోచిరి. ఓడలెక్కి పారిపోయినవారు ఆఫ్రికా రేవులకు చేరిరి. చెరచబడిన స్త్రీలను గూర్చి నలుగురు నాలుగు విధములుగా గుసగుసలాడుచుండిరి. అగస్టీను 413లో మొదలిడి 22 భాగములుగా వ్రాసిన దేవుని పట్టణము అను గ్రంథములో మొదటనే వారి పక్షముగా మాటలాడెను. బలాత్కారము చేసినవానిదే పాపము, అనుభవించినదాని పవిత్రత పోలేదు, ఆమె సిగ్గుచేత ప్రాణము తీసికొననక్కరలేదు అని తేల్చి చెప్పెను. పదహారు వందల సంవత్సరములు గడిచినను ఈ బోధ మన వీధులకు ఇంకను పూర్తిగా చేరలేదు.

అధికారము బలహీనపడగా హిప్పో రేవులో మనుష్యుల వ్యాపారము బలిసెను. బానిస వర్తకుల మూకలు పల్లెలపై పడి స్వతంత్రులను, పిల్లలను ఎత్తుకొనిపోయి సముద్రము దాటించి అమ్ముచుండిరి. 428 ప్రాంతమున, అగస్టీను ఊరిలో లేనప్పుడు, సంఘస్థులు ఓడలో నుండియు, దాచిన చోటులనుండియు సుమారు 120 మందిని విడిపించిరి. వారిలో తలిదండ్రులే అమ్మినవారు ఐదారుగురికంటె ఎక్కువ లేరు. ఈ సంగతి తెలుపు జాబు ఎన్నో శతాబ్దములు మరుగున పడియుండి 1981లో అచ్చాయెను. ఆ వర్తకులను పట్టు చట్టము నమలు చేయవలెనని కోరుచునే, సీసపు కొరడాల దెబ్బలకు వారు చావకుండ చూడవలెననియు ఆయన తలంచెను. చెరపట్టబడినవారి కొరకును బీదల కొరకును సంఘపు వెండి పాత్రలను కరగించుటకు కూడ ఆయన వెనుదీయలేదు.

429లో వాండలులు గైసెరికు రాజు క్రింద స్పెయిను దేశమునుండి సముద్రము దాటి ఆఫ్రికాలో దిగిరి. ఊరి వెంబడి ఊరు పడెను. అప్పుడు హోనొరాతు అను బిషప్పు, కాపరులు పారిపోవచ్చునా అని అడిగెను. అగస్టీను వ్రాసిన జవాబు ప్రతి పాదిరియు చదువదగినది. శత్రువు ఒక్కనినే వెదకుచుండగా, ఇతర సేవకులు మిగిలియున్నయెడల, వాడు పౌలువలె గంపలో గోడ దిగిపోవచ్చును. అపాయము అందరిదైనప్పుడు మాత్రము, పారిపోలేని వారిని విడిచి కాపరి పోరాదు. అట్టి దినమున జనులు పరుగెత్తి వచ్చి బాప్తిస్మము, క్షమాపణ, ఆదరణ అడుగుదురు. ఇచ్చువాడు లేనియెడల వారి గతి ఏమి? సంఘమంతయు వెళ్లిపోయినయెడల కాపరియు వెళ్లవచ్చును. అందరు సేవకులును నశింపకుండునట్లు కొందరు పోవలసివచ్చి, ఎవరు నిలుచుటయో తెగనియెడల చీట్లు వేసికొనవలెను.

430 వేసవిలో వాండలులు హిప్పోను ముట్టడించిరి. ఓడిన సేనాధిపతి బోనిఫాసు లోపల నుండి పట్టణమును కాపాడుచుండెను. ప్రాణరక్షణకై కత్తి పట్టరాదని సామాన్యునికి చెప్పిన అగస్టీనే, ఈ బోనిఫాసు సైన్యము విడిచి సన్యాసియగుదునన్నప్పుడు వద్దని ఆపియుండెను. సమాధానమే కోరవలెను, యుద్ధము అవసరము వలననే చేయవలెను, చిక్కినవానిపై కనికరము చూపవలెను అని అతనికి పూర్వమే వ్రాసియుండెను.

ముట్టడి మూడవ నెలలో ఆయన జ్వరపడెను. దేవుడు పట్టణమును విడిపించవలెను, లేనియెడల దాసులకు ఓర్పునియ్యవలెను, అదియు కానియెడల తన్ను తీసికొనవలెను అని ప్రార్థించుచుండెను. దావీదు పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి మంచము ప్రక్క గోడకు అంటింపజేసి, పండుకొనియే చదువుచు ఏడ్చెను. కడపటి పది దినములు వైద్యుడును భోజనము తెచ్చువారును తప్ప ఎవరిని రానీయలేదు. ఆగస్టు 28న, 76వ యేట, నిద్రించెను. వీలునామా వ్రాయలేదు, వ్రాయుటకు ఆస్తి లేదు. సంఘపు పుస్తకములను జాగ్రత్తగా కాపాడుమని మాత్రము చెప్పెను.

ముట్టడి సుమారు పదునాలుగు నెలలు సాగెను. తరువాత జనులు విడిచిపోయిన ఆ పట్టణము కాల్చబడెను గాని ఆ పుస్తకములు దక్కెను. ముట్టడిలో ఆయన బల్లయొద్దనే యుండిన శిష్యుడు, కాలమా బిషప్పు పొస్సీడియసు, గురువు చరిత్ర వ్రాయుచు హోనొరాతుకు పంపిన ఆ జాబును మొదటినుండి చివరివరకు అందులో చేర్చెను. 437లో గైసెరికు అతనిని కూడ అతని సంఘమునుండి వెళ్లగొట్టెను.