జూడో నేర్పిన కానో సారు



జిగొరో కానో గారు 1860లో జపాన్‌లో పుట్టారు. చిన్నగా, బక్కగా ఉండేవారు. బడిలో బలమున్న పిల్లలు కొట్టేవారు. అందుకే జుజుత్సు అనే కుస్తీ నేర్చుకున్నారు. 1882లో టోక్యోలో ఒక గుడిలో 12 చాపల మీద కొడోకాన్ అనే బడి పెట్టి జూడో నేర్పారు. 1938లో ఓడలో వస్తూ చనిపోయారు. 1964లో జూడో ఒలింపిక్స్‌లోకి వచ్చింది.

ఏ దేశంలో ఆడినా ఆయన భాష మాటలే. రే అంటే వంగి దండం పెట్టాలి. హజిమే అంటే మొదలుపెట్టు. మాటే అంటే ఆగు. ఇప్పోన్ అంటే గెలిచినట్టే. ఎవ్వరూ నవ్వరు.

నేనూ పొట్టిదాన్నే. కొత్తగా హాస్టల్‌కు వచ్చినప్పుడు అమ్మను యాడీ అని పిలిస్తే కొందరు నవ్విండ్రు. ఆ రోజు నుంచి మెల్లగ పిలుస్తున్న. ఈ ఆదివారం యాడి వస్తది. గేటు కాడ గట్టిగనే పిలుస్త.

– 9వ తరగతి విద్యార్థిని, జగదేవ్‌పూర్