లక్షణమెరిగి లక్షణము దాటిన పాలకురికి సోమనాథుడు

కట్ట లేని చెరువున నీరు నిలువదు. తూము లేని చెరువు వలన పంట పండదు. ఊరూర చెరువులు త్రవ్వించిన కాకతీయుల నేలపై పుట్టి, సంఘమున కట్ట యెచ్చట నుండవలెను, తూము నెచ్చట తెరువవలెను అను విచారమునే తన కవిత్వముగా చేసికొనిన మహనీయుడు పాలకురికి సోమనాథుడు.

ఆయన జన్మస్థలము ఓరుగల్లు సీమలోని పాలకురికి. అదియే నేడు తెలంగాణమున జనగామ జిల్లాలోని పాలకుర్తి. పోతనామాత్యుని బమ్మెర అచ్చటికి దగ్గరలోనే యున్నది. ఆయన తల్లిదండ్రులు శ్రియాదేవి, విష్ణురామదేవుడు అని పెద్దలందురు. అయితే సోమన తన్ను గూర్చి చెప్పుకొనునపుడు భృంగిరిటి గోత్రుడననియు, గురులింగ తనూజుడననియు చెప్పుకొనెను. కృత్యాదిని కులగోత్రములను, పితృపితామహులను కీర్తించుట ఆనాటి కవులకు మర్యాద. ఆ మర్యాదను ఆయన విడువలేదు, గోత్రము చెప్పెను, తండ్రిని చెప్పెను. కాని ఆ గోత్రము పుట్టుకతో వచ్చినది కాదు, దీక్షతో వచ్చినది.

ఆయన శాస్త్రము నెరుగనివాడని ఎవ్వరును తలపరాదు. సంస్కృతమున సోమనాథ భాష్యమును రచించి శివపారమ్యమును శ్రుతి ప్రమాణములతో నిరూపించినాడు. వృషాధిప శతకమున ఉత్పలమాలలు, చంపకమాలలు ధారాళముగ నడపినాడు. ఆ శతకముననే కన్నడ, తమిళ, మహారాష్ట్ర భాషలలో సయితము పద్యములు చెప్పి బసవేశ్వరుని స్తుతించినాడు. అట్టివాడు బసవపురాణమునకు పూనుకొనినపుడు నన్నయ వేసిన చంపూమార్గమును ప్రక్కకు పెట్టి ద్విపదను చేపట్టెను. గద్యపద్యములు పండితులకే గాని అందరకును అందవనియు, జాను తెనుగు సర్వజనులకు ప్రియమనియు ఆయన అభిప్రాయము. ద్విపదను వేదమునకు సమానముగ భావింపుడని కూడ చెప్పినాడు. ఆ కాలమున ఆ మాట సామాన్యమైనది కాదు.

ద్విపదకు రెండు పాదములు. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మూడవ గణము మొదటి యక్షరము యతిస్థానము. ప్రాస నియతము. తరగతిలో ఈ లక్షణము చెప్పి, సోమన ద్విపదలకు గణవిభజన చేయుడని నల్లబల్లపై వ్రాసితినేని చురుకైన విద్యార్థి యెవడో ఒకడు లేచి ఇచ్చట యతి చెల్లలేదేమండీ అని తప్పక అడుగును. యతి యుండవలసిన చోట ఆయన ప్రాసయతి నుంచెను. రెండు పాదములతో అర్థము ముగియవలెనను నియమమును లెక్కచేయక కథను ప్రవాహమువలె తరువాతి ద్విపదలలోనికి పారించెను. తెలుగు మాటలను సంస్కృత పదములతో కలిపి, వైయాకరణులు వైరిసమాసములని నిషేధించిన వానిని నిస్సంకోచముగ వాడెను. అయితే గణములను మాత్రము చెడనీయలేదు. పాటకు తాళము కావలెను గదా! ఏ నియమము పాటను నిలుపునో దానిని కాపాడి, ఏది పండితుని మెప్పుకొరకు మాత్రమే యున్నదో దానిని సడలించినాడు.

ఆ ద్విపదలలో ఆయన చెప్పిన కథలును నియమోల్లంఘన కథలే. బాలబసవడు ఉపనయనమును నిరాకరించినాడు. కన్నప్ప ఎంగిలి మాంసమును నివేదించి, పిదప కన్నులనే యిచ్చినాడు. బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదని దుఃఖించి తానే తల్లియై నీళ్లు పోసి లాలించినది. వీనిలో నాకు మిక్కిలి ప్రియమైనది కిన్నర బ్రహ్మయ్య కథ. బ్రహ్మయ్యకు ఉల్లిగడ్డ ఇష్టము. బసవేశ్వరుడంతవాడు దానిని నీచముగ పలుకగా బ్రహ్మయ్య మనసు నొచ్చి వెడలిపోయెను. భక్తుని తినెడు వస్తువును ఏవగించుకొనుట భక్తుని ఏవగించుకొనుటయే యని గ్రహించి దండనాయకుడు ఉల్లిగడ్డలనే అలంకరించి ఊరేగించి బ్రహ్మయ్యను వేడి తెచ్చుకొనెను. ఆహారనియమము పేరిట మనుష్యుని దూరము పెట్టు ఇండ్లు నేటికిని లేకపోలేదు.

అట్లని సోమన కట్టుబాటులేని జీవితమును బోధింపలేదు. లింగము శరీరమును ఎడబాయరాదు, ప్రసాదము కానిది భుజింపరాదు. మడివాలు మాచయ్య భక్తుల వస్త్రములను తప్ప అన్యుల వస్త్రములను ఉదుకడు, ఆ మూటను భవులు తాకరాదు. పాత కట్ట తెంచినవారు దానికంటె ఎత్తైన కట్టను వేసికొనిరి. ఇచ్చట ఒక మాట దాచకుండ చెప్పవలెను. పండితారాధ్య చరిత్రమున వెలనాటి చోడుని సభలో వాదమున ఓడిన బౌద్ధాచార్యుని శిష్యులు సంహరించిన ఘట్టము కలదు. దానికై రాజు పండితుని కన్నులు తీయించుట, పండితుడు తిరిగి చూపు నొంది రాజును శపించుట అచ్చటి కథ. సోమన దానిని వీరవ్రతముగ వర్ణించినాడు. జాతిభేదమును దాటుమన్న కావ్యము మతభేదమును ప్రాణము తీయునంతటి గోడగా నిలుపుట నాకు సమ్మతము కాదు. కవియెడ ఎంత గౌరవమున్నను ఆ పుట చదువునపుడు మనస్సు ఊరడిల్లదు.

అదే గ్రంథమున ఇంకొక సోమన కనబడును. మల్లికార్జున పండితారాధ్యుడు భక్తియందు బసవనితో సమానుడయ్యును బ్రాహ్మణ్యముతో పొత్తు వదలలేకపోయెను. ఆ సంగతి స్వయముగ ఒప్పుకొనెను. బసవని కీర్తించిన కలముతోనే సోమన ఆయనకును ఒక మహాకావ్యము వ్రాసెను. జంధ్యమును కాదన్నవాడును, దానిని వీడలేనివాడును ఆయనకు పూజ్యులే.

కడపట కన్నడదేశమేగి కలికె గ్రామమున శివైక్యము నొందెనని సంప్రదాయము.

ఆయన తరువాతి సంగతి విచిత్రముగ నుండును. ఒకనాడు శివాలయమున భక్తులు బసవపురాణమును పఠించుచుండగా ప్రతాపరుద్ర మహారాజు అదేమని అడిగెననియు, ప్రాసవళ్లు తప్పిన ద్విపద, ప్రమాణము కాదని ఒక విప్రుడు చెప్పగా రాజు వినకయే వెడలిపోయెననియు కథ. దీనిని చెప్పినవాడు పిడుపర్తి సోమనాథుడు. 16వ శతాబ్దికి చెందిన ఆ భక్తకవి పండితులకును బసవకథ అందవలెనను తలంపుతో బసవపురాణమును పద్యములలోనికి మార్చెను. అనగా సోమన వలదన్న మార్గముననే సోమన గ్రంథమును నడిపించెను! అంతకు పూర్వమే 1369లో భీమకవి కన్నడమున షట్పదిగా పాడెను. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికతో పరిష్కరించి ప్రకటించినది మాత్రము పద్యకావ్యము కాదు, యతి తప్పినదని విప్రుడు ఈసడించిన ఆ ద్విపదయే.