హాక్స్టన్ వైద్యుడు చూసిన నడక

ఏటా ఏప్రిల్ 11న ప్రపంచ పార్కిన్సన్స్ దినం వస్తుంది. 1755లో జేమ్స్ పార్కిన్సన్ పుట్టింది ఆ రోజే. ఆ సందర్భంగా ఫోన్లలో తిరిగే గడ్డం పెద్దమనిషి ఫోటో మాత్రం ఆయనది కాదు, అయ్యే వీలూ లేదు. 1824లో ఆయన కన్నుమూసేనాటికి మనిషిని ఫోటో తీసే విద్య ఇంకా రాలేదు. ఆయనదని చెప్పదగ్గ చిత్తరువు కూడా ఒక్కటీ దొరకలేదు.

లండన్ శివార్లలోని హాక్స్టన్‌లో పుట్టి, అక్కడే వైద్యం చేసి, అక్కడే జీవితం గడిపారు. తండ్రి జాన్‌ది కూడా అదే వృత్తి. పేదలుండే పేట కావడంతో వారి కష్టాలు రోజూ కళ్ల ముందే ఉండేవి. ఫ్రెంచి విప్లవం రోజుల్లో పార్కిన్సన్, సామాన్యుడికీ ఓటుండాలనే లండన్ కరస్పాండింగ్ సొసైటీలో చేరారు. ఓల్డ్ హ్యూబర్ట్ అనే మారుపేరుతో ప్రభుత్వాన్ని ఎండగడుతూ కరపత్రాలు రాశారు. 1794లో మూడో జార్జి రాజును విషపు బాణంతో చంపే కుట్ర జరిగిందంటూ సొసైటీ సభ్యులు కొందరిని పట్టుకున్నారు. ప్రధాని విలియం పిట్ కూర్చున్న ప్రీవీ కౌన్సిల్ ముందు పార్కిన్సన్‌నూ ప్రశ్నించారు. రాజద్రోహానికి ఉరిశిక్ష పడే కాలం. అయినా ఆ కరపత్రాలు తనవేనని ఒప్పుకున్నారు. చివరికి కుట్ర కేసు నిలవలేదు.

తర్వాత ఆయన దృష్టి శిలాజాల మీదికి మళ్లింది. 1804 నుంచి 1811 దాకా వాటిపై మూడు సంపుటాలు వెలువరించారు. 1807లో జియలాజికల్ సొసైటీని స్థాపించినవారిలో ఆయనా ఒకరు. బతికున్నప్పుడు ఆయనకు పేరు తెచ్చింది ఎక్కువగా ఈ రాళ్లే.

ఇప్పుడు మనం ఆయన్ను తలుచుకునేది మాత్రం 1817లో, 62వ ఏట అచ్చు వేయించిన 66 పేజీల చిన్న పుస్తకం వల్ల. వణుకు జబ్బు మీద రాసిన ఆ వ్యాసంలో ఉన్న రోగులు ఆరుగురే. వారిలో ఇద్దరు వీధిలో తారసపడినవారు. మరొకరినైతే దూరం నుంచి చూశారంతే. ప్రయోగశాల లేదు, పరికరం లేదు. ముందుకు వంగిన నడుము, పనిలేనప్పుడు వణికే చెయ్యి, నడక మొదలుపెడితే తెలియకుండానే పరుగైపోయే కాళ్లు... ఇవన్నీ వేర్వేరు బాధలు కావనీ, ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే ఒకే జబ్బనీ గుర్తించారు.

దూరం నుంచి చూసిన ఆ అయిదో మనిషి కథ ఇప్పటికీ ఆసక్తికరమే. ఆయనకు నడక రాదు, పరుగే వస్తుంది. సహాయకుడు ఎదురుగా నిలబడి, భుజాల మీద చేతులు వేసి, నిలకడ కుదిరేదాకా ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపేవాడు. రోగి సై అనగానే పక్కకు తప్పుకుని ముందుకు పరిగెత్తి, ఇరవై అడుగుల తర్వాత ఆయన పడిపోకుండా పట్టుకునేవాడు.

ఇప్పుడు రోబో చేసే పని దీనికి దూరమేమీ కాదు. లోకోమాట్ లాంటి యంత్రంలో రోగి బరువును పట్టీలు కొంత మోస్తాయి. తుంటి, మోకాళ్ల దగ్గరి మోటార్లు ట్రెడ్‌మిల్ మీద కాళ్లను ఒకే లయలో కదిలిస్తాయి. ఈ జబ్బులో దెబ్బతినేది ఆలోచించకుండా నడవగలిగే శక్తి. బయటినుంచి లయ అందితే అడుగు సాగుతుందన్నది దీని వెనకున్న లెక్క. ఇటలీలోని వెరోనా పరిశోధకులు 2012లో 41 మందిపై చేసిన పరీక్షలో మామూలు ఫిజియోథెరపీ కన్నా రోబోతో నడక మెరుగైంది. కానీ మరుసటి ఏడాది వారే, జబ్బు మరీ ముదరని వారిలో, ఉత్త ట్రెడ్‌మిల్‌తో పోల్చి చూస్తే రోబో ఆధిక్యమేమీ తేలలేదు. ఖరీదైన యంత్రం కొనబోయే ఆస్పత్రులు ఈ రెండో ఫలితాన్నీ చదవాలి. 2024లో హార్వర్డ్, బోస్టన్ విశ్వవిద్యాలయాల వారు తుంటి దగ్గర అడుగును అందుకుని లాగే మెత్తటి తొడుగుతో, కాళ్లు నేలకు అతుక్కుపోయే ఒక 73 ఏళ్ల వ్యక్తిని ఇంటిలోపల ఆగకుండా నడిపించారు. అదీ ఒక్కరి మీద చేసిన ప్రయత్నమే.

పార్కిన్సన్ చూపు ఎంత నిశితమైనా చికిత్స మాత్రం ఆ కాలానిదే. మెడ దగ్గర రక్తం తీయమన్నారు. జబ్బు మూలం వెన్నుపాము పైభాగంలో ఉందని ఊహించారు. శవపరీక్షలు చేయలేదు కనుక ఇది ఊహేనని తానే చెప్పుకున్నారు. కండరాల బిగుతును ఆయన పట్టుకోలేదు. కళ్లతో చూస్తే తెలిసేది కాదది, చేయి పట్టి వంచితేనే తెలుస్తుంది. మనసు చెక్కుచెదరదన్న మాటా తర్వాత నిలవలేదు. ఇప్పటికీ ప్రధాన మందైన లెవోడోపాను ఆయుర్వేదంలో వాడే దూలగొండి గింజల నుంచి మద్రాసులో దామోదరన్, రామస్వామి 1937లో వేరుచేశారు. అది ఈ జబ్బుకు మందుగా మారింది 1960లలో.

వ్యాసాన్ని చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దాని విలువ గుర్తించి, జబ్బుకు పార్కిన్సన్ పేరు పెట్టాలన్నది పారిస్ వైద్యుడు షార్కో. రోగులందరూ వణకరు, నిజమైన పక్షవాతమూ ఉండదు కనుక పాత పేరు సరికాదన్నారు. రైలు ప్రయాణం చేశాక హాయిగా ఉందని రోగులు చెబితే, కదిలే కుర్చీ ఒకటి చేయించిందీ ఆయనే. 2012లో షికాగోలో అలాంటి కుర్చీనే కదిలిస్తూ, కదల్చకుండా పరీక్షిస్తే రెండు గుంపులూ ఒకేలా కోలుకున్నాయి.

హాక్స్టన్ వైద్యుడు ఇవేవీ చూడలేదు. 1824 డిసెంబర్ 21న మరణించిన ఆయన్ను షోర్డిచ్‌లోని సెయింట్ లెనార్డ్స్ చర్చి ఆవరణలో ఖననం చేశారు. ఆ సమాధి ఎక్కడుందో ఇప్పుడు ఆనవాలు లేదు.