సుబ్బారావు గారి బంగారు మందు

మన సభల్లో యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినగానే చప్పట్లు కొడతాం. నేనూ కొట్టినవాణ్ణే. ఆయన మందు కథలో రెండో సగం మాత్రం నాకు చాలాకాలం తెలియదు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఇద్దరు అన్నదమ్ములను రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి తెల్లదొర ప్రొఫెసరుకు కంటగింపై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. 1922లో బోస్టన్ చేరి, రాత్రిళ్ళు ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడుగుతూ చదువుకున్నారు. హార్వర్డులో అంత పని చేసినా స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ సంస్థకు వెళ్ళారు. మళ్ళీ ఇండియా గడప తొక్కనేలేదు.

అక్కడ ఆయన నడిపిన పరిశోధనలో, ఏడు పదులు దాటిన బెంజమిన్ డగ్గర్ ఊరూరి మట్టి తెప్పించి వెతికారు. మిస్సోరీ పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి వచ్చిన మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని జబ్బులకూ పనిచేసింది. 1948 జూలైలో లోకానికి తెలిసింది. ఆగస్టులో, 53 ఏళ్ళకే, సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు.

ఇక రెండో సగం. మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి త్వరగా పెరిగాయని 1950లో ఆ సంస్థ శాస్త్రజ్ఞులే ప్రకటించారు. 1951లో అమెరికా ప్రభుత్వం దాణాలో కలపడానికి అనుమతించింది. జబ్బు లేని పశువులకు, కొద్దికొద్దిగా, రోజూ! చావని బాక్టీరియాకు అదొక శిక్షణ తరగతి. మందును లోపలికి వచ్చినంత వేగంగా బయటికి తోడేసే పంపు వాటిలో కొన్నిటికి ఉంది. ఆ జన్యువును చిన్న ప్రోగ్రాములాగా పక్క బాక్టీరియాకు కాపీ చేసి ఇస్తాయి. (మా వాళ్ళకంటే ఫైల్ షేరింగ్ వాటికే బాగా వచ్చు.) టెట్రాసైక్లిన్‌కు లొంగని రక్తవిరేచనాల క్రిములు 1950లలోనే జపాన్‌లో బయటపడ్డాయి. పెంపకం కోసం దాణాలో ఇలాంటి మందులు కలపడాన్ని అమెరికా 2017లో గాని ఆపలేదు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో నేరుగా పోయినవారు 12.7 లక్షల మందని అంచనా.

పశువులనే అనడమెందుకు? ఇండియాలో చీటీ లేకుండా కొన్న అజిత్రోమైసిన్ మాత్రలు మా అలమరలోనూ ఉన్నాయి. జ్వరం తగ్గగానే నేను మానేసినవి.

సుబ్బారావు గారి అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు నేటికీ ఇచ్చే మందులు ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్. మొదటిదాన్ని 1945లో తయారుచేసింది ఆయన బృందమే. రెండోది ఆ మిస్సోరీ మట్టి సంతానం.