ఎమ్మాను మధ్యలో వదిలేశాను

నిజం చెప్పొద్దూ, చేతికి తీసుకున్న నవలని మధ్యలో వదిలేయడం నాకు అలవాటు లేదు. వారపత్రికలో సీరియల్ ఎంత సాగదీసినా ఆఖరి వారం దాకా చదివే రకాన్ని. అలాంటిది జేన్ ఆస్టిన్ రాసిన 'ఎమ్మా'ని ఏడో అధ్యాయంలోనే మూసి బీరువాలో పెట్టేశాను. ప్రేమ కథే, పెళ్ళితో ముగిసేదే. కానీ ఆ హీరోయిన్ ఉందే! ఇరవయ్యొకటో ఏడు నిండబోతోంది. తల్లి లేదు, తండ్రి ఎదురు చెప్పడు, ముప్ఫయి వేల పౌన్ల ఆస్తి. పనేమీ లేక ఊళ్ళోవాళ్ళకి పెళ్ళిళ్ళు కుదర్చడం మొదలుపెడుతుంది. హ్యారియెట్ అనే అమాయకురాలిని చేరదీసి, ఆ పిల్లని మనసారా కోరి ఉత్తరం రాసిన రైతు కుర్రాడిని కాదనిపిస్తుంది. రైతట, తమ స్థాయికి తగడట! అక్కడ నాకు ఒళ్ళు మండింది.

తర్వాత ఆవిడ జీవితం గురించి చదువుతుంటే తెలిసింది, ఆ పని చేసిన మొదటిదాన్ని నేను కాదని. నవల 1815 డిసెంబరులో వచ్చింది. అప్పటికి జేన్ కంటే ఎంతో పేరున్న రచయిత్రి మరియా ఎడ్జ్‌వర్త్. ఆవిడకి ఒక ప్రతి పంపారు. మూడు సంపుటాల్లో ఒకటి చదివి, ఇందులో కథే లేదని మిగిలినవి పక్కన పెట్టేసిందావిడ. జేన్ ముద్దుల మేనకోడలు ఫానీ ఎమ్మాని భరించలేనంది. తెలిసినాయన ఒకాయన, బాగాలేదని ఎవరో చెప్పగా విని, మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం చదివి ఊరుకున్నాడు. ఈ చివరి రెండు సంగతులూ ఎలా తెలిశాయనుకున్నారు? ఎవరేమన్నారో జేన్ స్వయంగా ఒక జాబితా రాసి దాచుకుంది. నేనూ నాలుగు కథలు రాసినదాన్నే. బాగాలేదని ఒక్కరన్నా ఆ రాత్రి నిద్ర పట్టదు. అలాంటిది కాగితం మీద పెట్టి దాచుకోవడమా!

ఎవరీవిడ అని అప్పుడు ఓపిగ్గా మొదలుపెట్టాను.

జేన్ 1775 డిసెంబరు 16న ఇంగ్లండులో హాంప్‌షైర్‌లోని స్టీవెంటన్ అనే పల్లెటూళ్ళో పుట్టింది. తండ్రి చర్చిలో మతగురువు. ఎనిమిదిమంది పిల్లల్లో ఏడోది. ఆడపిల్లలిద్దరే, తనూ అక్క కసాండ్రా. అక్కకి పెళ్ళి నిశ్చయమైంది గానీ ఆ అబ్బాయి వెస్టిండీస్ వెళ్ళి 1797లో జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఆవిడ పెళ్ళి మాటెత్తలేదు. ఇక జేన్ సంగతి. 1802 డిసెంబరులో అక్కచెల్లెళ్ళిద్దరూ మానీడౌన్ అనే చోట స్నేహితురాళ్ళ ఇంటికి వెళ్ళారు. ఆ ఇంటి వారసుడు హారిస్, జేన్ కంటే ఐదేళ్ళకి పైగా చిన్నవాడు, పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. బోలెడు ఆస్తి. ఒప్పుకుంటే తనకే కాదు, తల్లికీ అక్కకీ కూడా నీడ. సాయంత్రం సరేనంది. తెల్లారేసరికి కాదనేసింది. అంతే, బండి కట్టించుకుని వచ్చేశారు. ఆ రాత్రి ఆ గదిలో అక్కచెల్లెళ్ళు ఏం మాట్లాడుకున్నారో! చాలా ఉత్తరాలు కసాండ్రా తర్వాత తగలబెట్టేసింది లెండి.

1805లో తండ్రి పోయాడు. దాంతో ముగ్గురాడవాళ్ళకీ రాబడి పడిపోయింది. అన్నదమ్ములు తలా కొంత వేసుకుని సాయం చేశారు. బాత్ ఊళ్ళో అద్దె గదులు మారారు, సౌతాంప్టన్‌లో కొన్నాళ్ళు ఒక అన్నగారింట్లో సర్దుకున్నారు. పెట్టె సర్దడం, విప్పడం. అంతకు ముందు 1803లో ఒక నవలని పది పౌన్లకి అమ్మితే, కొన్నవాడు అచ్చే వెయ్యలేదు. చివరికి 1809లో, డబ్బున్న బంధువులకి దత్తు వెళ్ళిన అన్న ఎడ్వర్డ్, చాటన్‌లో తన చిన్న ఇల్లొకటి ఇచ్చాడు. అక్కడ జేన్ వాటా ఇంటిపని పొద్దున ఫలహారం, టీ చూడటం. టీ ఆకూ పంచదారా ఆవిడ అజమాయిషీలోనే ఉండేవి. మిగతా పనంతా అక్కే నెత్తిన వేసుకుంది. ఆ అక్క లేకపోతే ఈ నవలలు ఉండేవి కావని నా గట్టి నమ్మకం.

1811లో మొదటి పుస్తకం వచ్చింది, 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'. పేరు ఉండాల్సిన చోట ఒక స్త్రీ రాసినదని మాత్రమే వేశారు. (2000లో మనం చూసిన 'ప్రియురాలు పిలిచింది' సినిమాకి మూలం ఇదే.) 1813లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్', ఆ మరుసటేడు 'మాన్స్‌ఫీల్డ్ పార్క్'. 1814 జనవరిలో ఎమ్మా మొదలు. ఈ పిల్ల తనకి తప్ప ఎవరికీ పెద్దగా నచ్చదని ముందే అనుకుందట. ప్రచురణకర్త మరే ఇది కాక మరో రెండు నవలల హక్కులు కూడా కలిపి 450 పౌన్లిస్తానంటే, చాలదని తన ఖర్చు మీదే వేయించింది. రెండు వేల ప్రతులు వేశారు. 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' రెండో ముద్రణ నష్టం ఇందులోంచి తీసేసుకోగా తన చేతికొచ్చింది ముప్ఫయి తొమ్మిది పౌన్లు కూడా కాదు. మీదుమిక్కిలి, తనకి గిట్టని రాజకుమారుడికి అంకితం ఇవ్వాల్సొచ్చింది. భార్యని హింస పెట్టాడని ఆయనంటే మండిపాటు.

ఇదంతా చదివాక నన్ను పట్టుకున్నది ఎమ్మా కాదు, మిస్ బేట్స్. నవల్లో ఆవిడా మతగురువు కూతురే. తండ్రి లేడు. పెళ్ళి కాలేదు. ముసలి తల్లితో మేడ మీద అద్దె గదుల్లో, ఇరుగుపొరుగు పంపే యాపిల్ పళ్ళకి పొంగిపోతూ, ఆపకుండా మాట్లాడుతూ బతుకుతుంటుంది. బాక్స్ హిల్ అనే కొండ మీద వనభోజనాల వేళ ఎమ్మా అందరి ముందూ ఆవిడ వాగుడు మీద ఒక జోకు వేస్తుంది. పాపం ఆవిడకి వెంటనే అర్థం కాదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడుతుంది. ఎమ్మాని పైకి తిట్టదు కూడా.

ఇది రాస్తున్నప్పుడు జేన్‌కి నలభై దగ్గరపడుతున్నాయి. అన్న దయతో వచ్చిన ఇల్లు, ముసలి తల్లి, పెళ్ళికాని అక్క. మానీడౌన్‌లో ఆ తెల్లవారి కాదన్నాక తను ఏమవుతుందని లోకం అనుకునేదో, ఆ మనిషిని తీసుకొచ్చి డబ్బున్న పిల్ల చేత వేళాకోళం చేయించింది. ఇంత గుండె దిటవు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు. నేనైతే నా కథలో మిస్ బేట్స్‌ని హీరోయిన్‌ని చేసి, పేజీకో కన్నీటి బొట్టు పెట్టుండేదాన్ని.

ఎమ్మా వచ్చిన మరుసటి ఏడాదే జేన్‌కి జబ్బు చేసింది. వైద్యం కోసం వించెస్టర్ తీసుకెళితే, 1817 జూలై 18న అక్క చేతుల్లో పోయింది. నలభై ఒక్కేళ్ళు. అక్కడి పెద్ద చర్చిలో సమాధి చేశారు. రాతి మీద మంచితనం, ఓర్పు, బుద్ధి అన్నీ చెక్కారు గానీ, నవలలు రాసిందన్న మాట లేదు. ఆ డిసెంబరులో మిగిలిన రెండు నవలలూ వచ్చినప్పుడు అన్న హెన్రీ రాసిన పరిచయంలోనే, ఇవన్నీ రాసింది ఫలానా అని మొదటిసారి పేరు అచ్చయింది.

పుస్తకం మళ్ళీ బీరువాలోంచి తీశాను. ఏడో అధ్యాయం దాటి ఈసారి కొండ దాకా వెళ్ళాను. ఎమ్మా నాకు ఇప్పటికీ నచ్చలేదు. ఆ జోకు తర్వాత బండిలో ఇంటికి పోతూ దారి పొడుగునా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే మాత్రం, కాసేపు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.