మతం మనిషికి ఎందుకు? కాకినాడ మాస్టారు రఘుపతి వెంకటరత్నం నాయుడు చూపిన దారి

మతం లేకపోతే మనిషి జాతి నిలబడుతుందా? ఈ ప్రశ్న మన ఇళ్ళల్లో కూడా వినిపిస్తూనే ఉంది. కాలేజీకి వెళ్ళే పిల్లలు అడుగుతున్నారు, పెద్దవాళ్ళు జవాబు వెతుక్కుంటున్నారు. ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. వందేళ్ళ క్రితమే గోదావరి డెల్టాలో, కాకినాడలోని ఒక కాలేజీలో ఈ ప్రశ్న గట్టిగా నడిచింది. అది పిఠాపురం రాజా కాలేజీ. జనం నోట్లో పి.ఆర్. కాలేజీ. దేవుడి మీద నమ్మకం లేనిదే మనిషి నిలబడలేడని తన జీవితంతో చెప్పిన ఒక పెద్దమనిషి దానికి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఆయనే రఘుపతి వెంకటరత్నం నాయుడు.

ఉర్దూ, ఫార్సీ నేర్చిన తెలుగు పిల్లవాడు

వెంకటరత్నం నాయుడు 1862 అక్టోబర్ 1న మచిలీపట్నంలో పుట్టారు. తండ్రిది సైన్యంలో ఉద్యోగం. బదిలీల మీద ఊళ్ళు తిరిగే కుటుంబం. అందుకే ఆయన చదువు తెలుగు పలక మీద కన్నా ముందు బయటి ప్రాంతాల్లో సాగింది. చిన్నప్పుడే హిందీ, ఉర్దూ, ఫార్సీ పట్టుబడ్డాయి. తర్వాత కొంతకాలం హైదరాబాద్‌లో చదువుకున్నారు. ఈ రోజు ఉర్దూని ఒక మతానికి, తెలుగుని ఇంకో మతానికి పంచిపెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ కాలంలో అలా లేదు. నాయుడుగారింటి పిల్లవాడు ఫార్సీ చదవడం ఎవరికీ వింతగా అనిపించలేదు.

పై చదువు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. అక్కడ ప్రిన్సిపాల్ విలియం మిల్లర్ అనే స్కాట్లాండ్ పాదరీ. ఆయన ప్రభావం ఈ కుర్రవాడి మీద జీవితాంతం ఉండిపోయింది. అయినా వెంకటరత్నం క్రైస్తవుడు కాలేదు. ఇంట్లో అలవాటుగా వచ్చిన ఆచారాల్లోనూ ఇమడలేకపోయారు. కులం పేరుతో మనిషిని దూరం పెట్టే చోట దేవుడు ఉంటాడా అన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. చివరికి బ్రహ్మసమాజం వైపు నడిచారు.

బ్రహ్మసమాజం, తౌహీద్ మాట

బ్రహ్మసమాజం అంటే చాలామందికి బెంగాలీ హిందువుల సంస్థ అనే తెలుసు. దాన్ని 1828లో మొదలుపెట్టిన రాజా రామమోహన్ రాయ్‌కి అరబ్బీ, ఫార్సీ బాగా వచ్చు. ఆయన రచనల్లో మనకు దొరికే మొదటిది ఫార్సీలో రాసినదే. పేరు తుహ్‌ఫతుల్ మువహ్హిదీన్, అంటే ఒకే దేవుణ్ణి నమ్మేవారికి ఒక కానుక. దానికి ముందుమాట అరబ్బీలో రాశారు. తర్వాతి తరంలో గిరీశ్ చంద్ర సేన్ అనే బ్రహ్మసమాజ పెద్ద ఖుర్ఆన్‌ని మొత్తంగా బెంగాలీలోకి తెచ్చారు. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదు, మనుషులంతా ఆయన ముందు సమానమే అన్నది బ్రహ్మసమాజం మూలం. ఇస్లాంకీ దీనికీ తేడాలు చాలా ఉన్నాయి. ప్రవక్తల మాట, షరీఅత్ మాట వచ్చేసరికి దారులు వేరైపోతాయి. అయినా తౌహీద్ మాట వినగానే ఒక ముస్లిం మనసు కాసేపు ఆగుతుంది.

తెలుగునాట ఈ దారికి అప్పటికే రాజమండ్రి కేంద్రం. 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం పంతులు అక్కడ మొదటి వితంతు వివాహం చేయించారు. ఊరు ఊరంతా ఎదురు తిరిగినా వెనక్కి తగ్గలేదు. వీరేశలింగం తర్వాత ఆ బరువు మోసినవాళ్ళలో ముందువరసలో వెంకటరత్నం ఉన్నారు.

తెల్లబట్టల మాస్టారు

ఆయన జీవితమంతా పాఠాలు చెప్పడమే. మద్రాసులో పచ్చయప్ప కాలేజీ, మచిలీపట్నంలో నోబుల్ కాలేజీ, ఆ తర్వాత సికింద్రాబాద్‌లో మహబూబ్ కాలేజీ. ముప్పై ఏళ్ళు నిండకముందే భార్య చనిపోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అప్పటినుంచీ తెల్లబట్టలే కట్టారు. మగవాడికి రెండో పెళ్ళి చాలా తేలిక, విధవకు మాత్రం జీవితాంతం శిక్ష. ఆ న్యాయం ఆయనకు మింగుడు పడలేదు. విధవలకు పెళ్ళి చేయాలని చెప్పిన మనిషి తాను మాత్రం ఒంటరిగానే ఉండిపోయారు.

ఆయన ఎక్కువగా పోరాడింది నాచ్ మీద. ఆ రోజుల్లో పెద్దింటి పెళ్ళి అన్నా, దొరలకు విందు అన్నా భోగం మేళం ఉండాల్సిందే. మేళం లేని పెళ్ళికి గౌరవం లేదు. అలాంటి చోటికి వెళ్ళకూడదని ఆయన చదువుకున్నవాళ్ళను కూడగట్టారు. పగలు నీతులు చెప్పి రాత్రి మేళానికి వెళ్ళే పెద్దమనుషులకు ఇది చురకలా తగిలింది.

ఈ ఉద్యమానికి ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. పెద్దాపురం లాంటి చోట్ల కళావంతుల కుటుంబాలకు ఆటా పాటా తిండి పెట్టేవి. పెద్దింటివాళ్ళు మేళాలు మానేసి మంచివాళ్ళు అనిపించుకున్నారు. ఆ ఆడవాళ్ళకు మాత్రం ఉన్న బతుకుతెరువు పోయింది, కొత్త గౌరవం అంత తొందరగా రాలేదు. వాళ్ళ చేతుల్లో ఉన్న గొప్ప విద్య కూడా చాలావరకు మరుగున పడింది. మతం పేరుతో వచ్చే శుద్ధికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తప్పుని తిడుతున్నామనుకుంటూ మనిషిని తోసేస్తాం. ఏ మతంవాళ్ళయినా దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

కాకినాడ రోజులు

1904లో ఆయన కాకినాడ వచ్చి పి.ఆర్. కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు. 1919 దాకా అక్కడే. పిఠాపురం యువరాజా సూర్యారావు బహదూర్ ఆయన్ని గురువుగా చూసుకున్నారు. రాజా చేతిలో డబ్బు ఉంది, మాస్టారి చేతిలో దారి ఉంది. ఆ రెండూ కలిసి కాకినాడలో పెద్ద పనులు చేశాయి.

కాలేజీ తలుపులు ఆడపిల్లలకు తెరుచుకున్నాయి. అంటరానివాళ్ళని ఊరి బయట పెట్టిన కులాల పిల్లలకూ తెరుచుకున్నాయి. ఒకే బెంచీ మీద ఆ పిల్లలు కూర్చుంటే మా పిల్లల్ని పంపం అనే తల్లిదండ్రులు ఉన్న రోజులవి. అనాథ పిల్లలకు శరణాలయం, దళిత పిల్లలు ఉండి చదువుకోవడానికి వసతి ఏర్పడ్డాయి. జీతంలో పెద్ద భాగం పేద విద్యార్థుల తిండికీ ఫీజులకీ పోయేదని చెబుతారు. ఎవరూ లేని ఆడపిల్లల్ని తన ఇంట్లోనే పెట్టుకుని సొంత బిడ్డల్లా పెంచారు. వాళ్ళది ఏ కులం అని అడగలేదు.

మతం మనిషికి ఎందుకు అన్న ప్రశ్నకు ఆయన జవాబు ఇక్కడ దొరుకుతుంది. చట్టం మనిషిని పగటిపూట పట్టుకుంటుంది. ఊరి భయం నలుగురు చూస్తున్నప్పుడే పనిచేస్తుంది. ఎవరూ చూడని చోట, లాభం లేని చోట, మనిషి మంచిగా ఉండాలంటే లోపల ఒకడు చూస్తున్నాడన్న నమ్మకం కావాలి. వెంకటరత్నం అందుకే దేవుణ్ణి వదల్లేదు. అయితే ఆ నమ్మకం నిజమో కాదో తేలేది ప్రార్థన మందిరంలో కాదు. అనాథ పిల్లవాడి పళ్ళెం దగ్గర తేలుతుంది. ఆ పళ్ళెం ఖాళీగా ఉంటే ఎంత పెద్ద ప్రార్థనైనా లెక్కలోకి రాదు.

ముస్లిం ఇళ్ళకు ఈ మాట కొత్త కాదు. సూరహ్ మాఊన్ చిన్నప్పుడే నేర్పుతాం. యతీముని తోసేసేవాడు దీన్‌నే కాదన్నవాడని, నమాజు చేస్తూ చిన్న సాయం కూడా చేయనివారికి నాశనమేనని అందులో ఉంది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం స్వయంగా యతీముగా పెరిగారు. కాకినాడ మాస్టారు తన దారిలో నడిచి ఇదే గుమ్మం దగ్గరికి చేరుకున్నారు.

ఒకే మతం, రెండు సైన్యాలు

ఆయన ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లోనే 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. నాలుగేళ్ళు సాగింది. యూరప్‌లో రెండు వైపులా ఉన్న దేశాల్లో ఎక్కువమంది ఒకే ఏసుకు మొక్కేవాళ్ళు. తుర్కీ ఖలీఫా ఒక వైపు నిలబడితే, బ్రిటిష్ సైన్యంలో చేరిన మన దేశపు ముస్లిం సిపాయిలు ఇంకో వైపు తుపాకీ పట్టుకోవాల్సి వచ్చింది. మతం ఉన్నంతమాత్రాన మనిషి మనిషిని చంపడం ఆగదని ప్రపంచం కళ్ళారా చూసింది.

1923 డిసెంబర్‌లో కాంగ్రెస్ మహాసభ కాకినాడలోనే జరిగింది. అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. ఖిలాఫత్ ఉద్యమంలో హిందువులు ముస్లింలు భుజం భుజం కలిపి నడిచిన రోజులు అప్పటికి వెనకబడ్డాయి. ఉత్తరాదిలో గొడవలు మొదలయ్యాయి. రెండు మతాలవాళ్ళనూ ఒక్క పందిట్లో కూర్చోబెట్టింది మతాభిమానమే, విడదీయడానికి వాడుకున్నదీ దాన్నే.

అదే కాలేజీలో ఇంకో జవాబు

వెంకటరత్నానికి 1924లో సర్ బిరుదు వచ్చింది. 1925 నుంచి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. జనం మాత్రం బ్రహ్మర్షి అనే పిలిచారు.

ఆయన ఆ పదవి దిగిన సంవత్సరమే పి.ఆర్. కాలేజీలోకి వృక్షశాస్త్రం చెప్పే ఒక కుర్ర మాస్టారు వచ్చారు. పేరు గోపరాజు రామచంద్రరావు. లోకానికి గోరా. ఆయన జంధ్యం తీసేశారు. దేవుడు లేడని బాహాటంగా చెప్పారు. దేవుడి మీద భారం వేసి మనిషి తన బాధ్యత వదిలేస్తున్నాడని ఆయన వాదన. నాస్తికత్వం గురించి మాట్లాడినందుకూ రాసినందుకూ 1933లో కాలేజీ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. అప్పటికి వెంకటరత్నం ప్రిన్సిపాల్ పదవి వదిలి పద్నాలుగేళ్ళు.

గోరా తర్వాత కృష్ణా జిల్లా ముదునూరు, ఆపైన విజయవాడ వెళ్ళారు. అక్కడ ఆయన చేసిన పని ఏమిటని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అన్ని కులాలవాళ్ళనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు. తన కూతురిని దళిత యువకుడికిచ్చి పెళ్ళి చేశారు. ఒకరు దేవుడున్నాడని ఆ పని చేశారు, ఇంకొకరు దేవుడు లేడని అదే పని చేశారు.

నమ్మేవాళ్ళు దీన్ని చూసి తల తిప్పుకోనక్కర్లేదు. గోరా జీవితం విశ్వాసిని తక్కువ చేయదు, నిలదీస్తుంది. దేవుణ్ణి కాదన్న మనిషి పొరుగువాడిని పక్కన కూర్చోబెట్టుకోగలిగినప్పుడు, దేవుణ్ణి నమ్మినవాళ్ళు ఎందుకు కూర్చోబెట్టుకోలేరు? వెంకటరత్నం నాయుడు ఈ ప్రశ్నకు భయపడాల్సిన పని లేకుండా బతికారు. ఆయన ఇంట్లో ఆ పిల్లలు అప్పటికే భోజనానికి కూర్చుని ఉన్నారు.

చివరి రోజు

వెంకటరత్నం నాయుడు 1939 మే 26న కాకినాడలో కన్నుమూశారు. వయసు 76. మూడు నెలలు దాటిన కొద్ది రోజులకే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఈసారి మతాన్ని పక్కనపెట్టి జాతి పేరుతో, రాజ్యం పేరుతో లక్షలకు లక్షలమందిని చంపారు. మొదటి యుద్ధం మతం ఉంటే చాలదని చూపించింది. రెండోది మతం స్థానంలో జాతినో నాయకుడినో కూర్చోబెడితే ఏమవుతుందో చూపించింది.

మనిషి జాతి నిలబడాలంటే మతం కావాలా అంటే, కాకినాడ మాస్టారి జీవితం కావాలనే చెబుతుంది. కానీ ఏ మతం? పేరులో, జెండాలో, ఊరేగింపులో ఉండేది కాదు. ఎవరూ చూడని రాత్రి కూడా తప్పు చేయనివ్వనిది, పరాయి బిడ్డకు ముందు అన్నం పెట్టి తర్వాత తాను తినేలా చేసేది. అలాంటిది ప్రతి ఇంట్లో ఉందో లేదో చూసుకోవడానికి పెద్ద చర్చలు అక్కర్లేదు. ఈ పూట మన దస్తర్‌ఖాన్ మీద ఎవరి పళ్ళెం ఉందో చూసుకుంటే చాలు.