కారెన్ హోర్నై

కారెన్ హోర్నై (సెప్టెంబర్ 16, 1885 - డిసెంబర్ 4, 1952) జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రముఖ మనోవిశ్లేషకురాలు, మానసిక వైద్యురాలు. సిగ్మండ్ ఫ్రాయిడ్ సిద్ధాంతములను, ముఖ్యముగా స్త్రీల మనస్తత్వమును గురించి ఆయన చేసిన ప్రతిపాదనలను ప్రశ్నించిన తొలితరము వారిలో ఈమె ఒకరు. మానసిక చికిత్సకు వచ్చే రోగులలో ఆత్మద్వేషము (తనను తాను ద్వేషించుకొనుట) ఎట్లు పుడుతుంది, ఏయే రూపములలో బయటపడుతుంది, దానికి చికిత్స ఎట్లు చేయాలి అను విషయములను ఈమె సవివరముగా పరిశీలించింది. ఆత్మద్వేషము పుట్టుకతో వచ్చినది కాదనీ, అందుచేత దానిని తగ్గించుట సాధ్యమేననీ ఈమె సిద్ధాంతము.

బాల్యము, విద్యాభ్యాసము

కారెన్ జర్మనీలో హాంబర్గ్ నగర సమీపమున ఉన్న బ్లాంకెనెజేలో జన్మించింది. పుట్టింటి పేరు డేనియల్‌సన్. తండ్రి బెర్న్‌ట్ నార్వే దేశములో పుట్టినవాడు, ఓడ కెప్టెన్. మతనిష్ఠ, కఠిన స్వభావము కలవాడు. తల్లి క్లోటిల్డ్. అన్నగారి పేరు కూడా బెర్న్‌ట్. తండ్రి తనకంటె అన్ననే ఎక్కువగా అభిమానిస్తున్నాడని ఈమె చిన్ననాటి నుండి బాధపడేది. తాను అందగత్తెను కాననుకొని, చదువులో రాణించాలని నిశ్చయించుకొన్నది. పదమూడవ ఏట డైరీ వ్రాయుట ప్రారంభించింది. ఆ డైరీలు ఈమె మరణానంతరము 1980లో ప్రచురితమైనవి.

జర్మనీ విశ్వవిద్యాలయములలో స్త్రీలను చేర్చుకొనుట అప్పుడప్పుడే మొదలైంది. ఈమె 1906లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయములో వైద్యవిద్యలో చేరింది. ఆ తరువాత గోటింగెన్, బెర్లిన్ నగరములలో చదివి వైద్యురాలైనది.

వివాహము, బెర్లిన్ జీవితము

1909లో ఆస్కార్ హోర్నైను వివాహము చేసుకొన్నది. వీరికి బ్రిగిట్, మరియానె, రెనాటె అను ముగ్గురు కుమార్తెలు. బ్రిగిట్ తరువాతి కాలములో పేరుపొందిన సినిమా నటి. మరియానె మానసిక వైద్యురాలు.

తీరని అలసట, మనోవ్యాకులత కారణముగా కారెన్ 1910లో ఫ్రాయిడ్ సహచరుడైన కార్ల్ అబ్రహాం వద్ద మనోవిశ్లేషణకు వెళ్ళింది. అనగా ఈ రంగములోనికి ఈమె మొదట రోగిగానే ప్రవేశించింది. 1920లో స్థాపించబడిన బెర్లిన్ మనోవిశ్లేషణ సంస్థ వ్యవస్థాపక సభ్యులలో ఒకరై, అక్కడ బోధనా బాధ్యతలు నిర్వహించింది.

1923వ సంవత్సరము ఈమెకు కష్టకాలము. అన్నగారు ఊపిరితిత్తుల వ్యాధితో మరణించాడు. భర్త వ్యాపారము దెబ్బతిన్నది, ఆయన ఆరోగ్యమూ చెడినది. ఆ రోజులలో ఈమె ఆత్మహత్యను గురించి కూడా ఆలోచించిందని జీవితచరిత్రకారులు వ్రాశారు. 1926లో కుమార్తెలతో సహా భర్త ఇల్లు విడిచి వేరుగా ఉండసాగింది.

అమెరికా జీవితము

ఫ్రాంజ్ అలెగ్జాండర్ ఆహ్వానముపై 1932లో అమెరికా వెళ్ళి, చికాగో మనోవిశ్లేషణ సంస్థలో సహాయ సంచాలకురాలిగా చేరింది. 1934లో న్యూయార్క్ నగరమునకు మారింది. ఒక దేశము నుండి మరియొక దేశమునకు వచ్చి రోగులను చూచినందున, మానసిక బాధలకు సమాజము, సంస్కృతి ఎంతగా కారణమవుతాయో గమనించింది. 1937, 1939 సంవత్సరములలో వెలువడిన గ్రంథములలో ఫ్రాయిడ్ మూల సిద్ధాంతములను విమర్శించింది. ఫలితముగా 1941లో న్యూయార్క్ మనోవిశ్లేషణ సంఘము ఈమెకు శిక్షణ ఇచ్చే అధికారమును తొలగించుటకు తీర్మానించింది. ఈమె కొందరు సహచరులతో కలిసి సంఘము నుండి బయటకు వచ్చి, అదే సంవత్సరము అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ సైకోఎనాలిసిస్ అను సంస్థను స్థాపించింది.

ఆత్మద్వేష సిద్ధాంతము

ఫ్రాయిడ్ తన చివరి దశలో, మనిషిలోని వినాశన ప్రవృత్తికి పుట్టుకతో వచ్చిన మృత్యుకాంక్ష మూలమని భావించాడు. హోర్నై దీనిని అంగీకరించలేదు. ఆత్మద్వేషము పెరుగుదల క్రమములో ఏర్పడినదే అని ఈమె వాదన. ఈ వాదన 1950లో వెలువడిన న్యూరోసిస్ అండ్ హ్యూమన్ గ్రోత్ అను గ్రంథములో సంపూర్ణరూపము పొందింది.

ప్రేమ, భద్రత కొరవడిన ఇంటిలో పెరిగిన బిడ్డకు తాను ఒంటరిననీ, నిస్సహాయుడననీ మౌలికమైన ఆందోళన కలుగుతుంది. దానిని తట్టుకొనుటకు ఊహలో తనకొక గొప్ప రూపమును కల్పించుకొంటాడు. క్రమముగా ఆ ఆదర్శరూపమే తానని నమ్మసాగుతాడు. ఇట్లే ఉండితీరవలెను అను ఆజ్ఞలు లోపలి నుండి నిరంకుశముగా వెలువడతాయి. ఏ మనిషీ వాటిని పూర్తిగా నెరవేర్చలేడు కనుక, ఆదర్శరూపము తన వాస్తవ రూపమును చూచి అసహ్యించుకొంటుంది. కావున హోర్నై దృష్టిలో గర్వము, ఆత్మద్వేషము పరస్పర విరుద్ధములు కావు, ఒకే నాణెమునకు బొమ్మ బొరుసు వంటివి. ఈ రెంటినీ కలిపి ఈమె గర్వవ్యవస్థ అని పేర్కొన్నది.

ఆత్మద్వేషము ఆరు విధములుగా పనిచేస్తుందని ఈమె వివరించింది:

* తననుండి సాధ్యము కానివాటిని ఎడతెగక కోరుట
* కనికరము లేని ఆత్మనింద
* ఆత్మతిరస్కారము, అనగా తనను తాను చులకన చేసుకొనుట
* తనకు దక్కవలసిన సుఖమునకు, ఆశలకు తానే అడ్డుపడుట
* తనను తాను హింసించుకొనుట
* తనను తాను నాశనము చేసుకొనుట

ఆత్మనిందకు, ఆరోగ్యకరమైన అంతఃకరణకు గల భేదమును హోర్నై స్పష్టము చేసింది. అంతఃకరణ నిజముగా జరిగిన తప్పును చూపి, దిద్దుకొనుటకు తోడ్పడుతుంది. ఆత్మనింద తన చేతిలో లేని విషయములకు కూడా శిక్ష విధిస్తుంది కాని దిద్దుబాటుకు దారి చూపదు.

చికిత్సా విధానము

రోగి సాధారణముగా ఆత్మద్వేషము తన వ్యాధి అని చెప్పుకొని రాడు. దిగులు, పని చేయలేకపోవుట, కుటుంబ కలహములు వంటివి చెబుతాడు. తనలోని ద్వేషమును ఇతరులకు ఆరోపించి, అందరూ తనను చిన్నచూపు చూస్తున్నారని నమ్ముతాడు, లేదా ఇతరులనే తిరస్కరిస్తాడు. కొందరైతే తమ ఆత్మనిందను ఉన్నతమైన నీతిగా భావించి గర్విస్తారు కూడా. కనుక దానిని గుర్తింపజేయుటయే చికిత్సలో మొదటి కష్టము.

కొందరు రోగులలో చికిత్స చక్కగా సాగి ఉపశమనము కలిగిన వెంటనే స్థితి మరల దిగజారుతుంది. ఫ్రాయిడ్ దీనికి అచేతనమైన అపరాధభావము, శిక్షను కోరుకొనుట కారణములని చెప్పాడు. 1936లో వ్రాసిన ఒక వ్యాసములో హోర్నై వేరు కారణములు చూపింది. రోగి వైద్యుని వివరణను తన ఆత్మగౌరవమునకు దెబ్బగానో, నేరారోపణగానో, తిరస్కారముగానో స్వీకరించవచ్చును. పోటీభావము వలన వైద్యుడు తనపై గెలిచాడని మండిపడవచ్చును. బాగుపడుటకే భయపడవచ్చును. ఈ కారణములను తెలుసుకొంటే అటువంటి రోగికి కూడా సహాయము చేయవచ్చును.

రోగిని పొగడి ధైర్యము చెప్పుట వలన ఆత్మద్వేషము పోదు. రోగి ఆ మాటలను నమ్మడు, నమ్మినా అవి గర్వమునకే ఆహారమవుతాయి. తన ఆదర్శరూపమును మరింత పరిపూర్ణము చేయాలని రోగి చికిత్స నుండి ఆశిస్తాడు. చికిత్స దానికి భిన్నముగా, ఆ రూపము కల్పితమనీ, దానికి తాను చెల్లిస్తున్న మూల్యము ఎంతటిదనీ అనుభవపూర్వకముగా తెలియజేయాలి. ఈ దశలో రోగికి ఆశాభంగము కలుగుతుంది, ఆత్మద్వేషము తాత్కాలికముగా తీవ్రము కావచ్చును. అప్పుడు వైద్యుడు అండగా నిలిచి, రోగిలో పెరుగుదలను కోరే శక్తులను మేల్కొలపాలి. ఓక్ గింజకు చెట్టుగా ఎదుగుట నేర్పనవసరము లేనట్లే, అడ్డంకులు తొలగితే మనిషిలోని మూల స్వరూపము తానే వికసిస్తుందని ఈమె విశ్వాసము. లోపములు గల సామాన్య మానవునిగా తనను తాను అంగీకరించుట ఈ చికిత్సకు గమ్యము.

1942లో ప్రచురించిన సెల్ఫ్-ఎనాలిసిస్ గ్రంథములోని క్లేర్ అను రోగి కథకు హోర్నై స్వీయజీవితమే ఆధారమని జీవితచరిత్రకారుల అభిప్రాయము.

చివరి దశ

జెన్ పండితుడు డి.టి. సుజుకీ పరిచయముతో జెన్ బౌద్ధముపై ఆసక్తి పెంచుకొని, 1952లో జపాను పర్యటించింది. ఆ సంవత్సరమే డిసెంబర్ 4న న్యూయార్క్ నగరములో క్యాన్సర్ వ్యాధితో మరణించింది. ఆ యేడు చికిత్సా పద్ధతులపై ఇచ్చిన ఉపన్యాసములు 1987లో ఫైనల్ లెక్చర్స్ పేరుతో పుస్తకముగా వెలువడినవి. ఈమె పేరుతో 1955లో న్యూయార్క్‌లో ఒక మానసిక చికిత్సాలయము ప్రారంభమైనది.

ప్రభావము, విమర్శలు

మనసులోని నిరంకుశ ఆజ్ఞలను గురించిన హోర్నై భావన ఆల్బర్ట్ ఎలిస్ రూపొందించిన చికిత్సా పద్ధతికి ప్రేరణలలో ఒకటి. అబ్రహాం మాస్లో కూడా ఈమె ప్రభావమునకు లోనయ్యాడు. ఈమె సిద్ధాంతములు చికిత్సానుభవముపైనే ఆధారపడినవనీ, మూల స్వరూపము వంటి భావనలను ప్రయోగములతో పరీక్షించుట కష్టమనీ విమర్శ ఉన్నది.

ముఖ్య రచనలు

* ద న్యూరోటిక్ పర్సనాలిటీ ఆఫ్ అవర్ టైమ్ (1937)
* న్యూ వేస్ ఇన్ సైకోఎనాలిసిస్ (1939)
* సెల్ఫ్-ఎనాలిసిస్ (1942)
* అవర్ ఇన్నర్ కాన్‌ఫ్లిక్ట్స్ (1945)
* న్యూరోసిస్ అండ్ హ్యూమన్ గ్రోత్ (1950)
* ఫెమినైన్ సైకాలజీ (మరణానంతరము, 1967)